అక్క ఊపిరి, చెల్లెలి వేలు

చిట్గుప్ప,
ఫిబ్రవరి రెండో వారం.

అక్కకు నీ చెల్లెలు కెజియా వందనాలు.

ఈ ఉత్తరం మా ఆయన చేతికే ఇచ్చి పంపుతున్నాను. లైనింగ్ బట్టకూ దారాలకూ ఆయన ఎలాగూ బీదర్ వస్తాడు. దారిలో విప్పి చదవకుండా కవరు నాలుగు వైపులా మైదా అంటించాను. ఫోన్ చేద్దామంటే నీ ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే అరుస్తుంది, నేనిక్కడ తుమ్మితే మీ చిద్రి వీధంతా వింటుంది. నాకిప్పుడు నీ ఒక్కదానితోనే మాట్లాడాలని ఉంది.

సంగతేమిటంటే, పోయిన ఆదివారం ఎజ్రా అయ్య వ్యాన్‌లో ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్, చుట్టచుట్టిన తెల్ల తెర వేసుకుని వచ్చారు. మీ రెండూళ్ళకూ నేనొక్కడినే పాస్టర్ని కాబట్టి ఈ సామాను కూడా రెండూళ్ళకూ ఒకటే అన్నారు. పొద్దున మీ చర్చిలో, మధ్యాహ్నం మా చర్చిలో. మన పిల్లలు బడిలో కన్నడమే చదువుతారు కదా, తెలుగు పాటల పుస్తకం చేతికిస్తే తలకిందులుగా పట్టుకుంటారు. అందుకని తెలుగు పాటలనే కన్నడ అక్షరాల్లో టైపు చేయించారు. పాట తెర మీద కనబడుతుంది. ఒక మీట నొక్కితే తర్వాతి చరణం వస్తుంది. పని అంతే. ఆ పనికి అయ్య నన్ను పిలిచారు.

"కెజియమ్మా, గిది నువ్వే నడపాలె. పోరగాండ్లంత పట్నం పోయిన్రు, ఇగ ఎవలున్నరు చెప్పు?" అన్నారు.

నా సంగతి నీకు తెలుసు. కుట్టుమిషన్‌కు కరెంటు మోటారు బిగించినా దాని జోలికి పోకుండా చాన్నాళ్ళు కాలితోనే తొక్కినదాన్ని. అయ్య ముందు ఒక్కసారి మీట నొక్కాను. తెర మీద బొమ్మ కదిలింది. పెనం మీద చెయ్యి పడ్డట్టు వెనక్కి లాక్కున్నాను. మా ఆయన వెనకనుంచి "గదేమన్న పామా, కరుస్తదా?" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఇంటికొచ్చాక అన్నం తినబుద్ధి కాలేదు. ఏదైనా పాడైతే? పాట మధ్యలో మాయమైతే? ఏడో తరగతి దాటనిదాన్ని, అరవైకి దగ్గరపడ్డదాన్ని, నాకెందుకీ యవ్వారం?

ఒప్పుకోమంటావా, వద్దంటావా? చిన్నప్పటినుంచీ నువ్వు చెప్పిందే చేశాను, ఇదీ నువ్వే చెప్పు. అక్కడ మీ చర్చిలో ఎవరు నడుపుతున్నారు? నువ్వేనా?

కెజియా


చిద్రి, బీదర్.
ఫిబ్రవరి నెలాఖరు.

కెజియాకు,

నీ ఉత్తరం చేరింది. మీ ఆయన బర్నబా మైదా దాటలేకపోయాడు కానీ నేను కవరు విప్పుతుంటే పక్కనే కూర్చుని మెడ సాచి చూశాడు. చాయ్ ఇచ్చి పంపించేశాను.

మా చర్చిలో శాలిని నడుపుతోంది. నా కోడలు పొద్దంతా సొసైటీ ఆఫీసులో కంప్యూటర్ ముందే ఉంటుంది, దానికిదొక లెక్కా. నన్నెవరూ అడగలేదు. అడిగినా నాకు తీరికెక్కడిది? పాట అందించేదాన్ని నేను. ముప్పై ఏళ్ళుగా మైకు దగ్గర నిలబడి ఒక్కో చరణం ముందుగా పలుకుతాను, చదువొచ్చినవాళ్ళూ రానివాళ్ళూ అందుకుని పాడతారు. మా సిద్ధమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా ఆమెకు రాని పాట లేదు, అన్నీ నా నోటినుంచి పోయినవే. పాట గొంతులోంచి రావాలి గానీ వైరులోంచి వస్తుందా?

ఇక నీ విషయం. నీ మంచికోరి చెబుతున్నాను, మరోలా అనుకోకు. నీకు మొదటినుంచీ వణుకే. మన పుట్టినూరు హుల్సూర్‌లో క్రిస్మస్ పాటలకు మనల్ని నిలబెడితే నా పావడా పట్టుకుని నా వెనక దాక్కునేదానివి. గొంతు మంచిదే, కాదనను. కానీ అది నా వీపుకు తప్ప ఎవరికి వినబడింది? అలాంటిదానివి అంతమంది మధ్య ఆ పెట్టె నడపగలవా? తేడా వస్తే పిల్లలు నవ్వుతారు. పిల్లల నవ్వు ఎలా ఉంటుందో నీకు తెలియదు. అది చర్చిలో ఆగదు, ఇంటిదాకా వెంట వస్తుంది.

కళ్ళు మసకగా ఉన్నాయని అయ్యతో చెప్పు. అబద్ధమేమీ కాదు, సూదిలో దారం ఎక్కించడానికి అద్దాలు పెట్టుకుంటావు కదా. తాను దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు ఈ వయసులో మనకెందుకు ఆ తిప్పలు. చేతినిండా బ్లౌజులు ఉన్నాయి, అవి కుట్టుకో.

నీ అక్క
కరుణమ్మ


చిట్గుప్ప,
ఏప్రిల్, ఈస్టర్ అయ్యాక.

అక్కా,

నువ్వు చెప్పినట్టే కళ్ళు మసకగా ఉన్నాయని అయ్యతో అన్నాను. "గంతేనా?" అని ఆయన అక్షరాలు రెండింతలు చేసి పెట్టారు. ఇప్పుడు వీధిలో పోయే మేక కూడా చదువుకోవచ్చు. ఇక తప్పించుకునే దారి లేకపోయింది.

మొదటి ఆదివారం సంగతి చెబితే నవ్వుతావు. జనం చరణం పాడి ముగించి, నోళ్ళు తెరిచి నిలబడ్డాక నేను మీట నొక్కాను. తర్వాత కంగారులో రెండుసార్లు నొక్కితే ఒక చరణమే ఎగిరిపోయింది. వెనక బల్ల మీదనుంచి ఎవరో "జర సూస్కోవమ్మా" అన్నారు. జాకెట్టు చెమటకు తడిసి ముద్దయింది. ఇంటికొచ్చి ఏడ్చాను. ఇక పోనని మా ఆయనతో చెప్పాను. మళ్ళీ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇంకెప్పుడైనా చెబుతాను.

శుక్రవారం స్త్రీల కూడికకు వచ్చినప్పుడు అయ్య ల్యాప్‌టాప్‌ను నా దగ్గర వదిలి పక్కూరికి వెళ్ళేవారు. ముందుకు పోయే మీట మీద తెల్ల కుట్టుసుద్దతో, వెనక్కి వచ్చే మీట మీద గులాబీ సుద్దతో గీతలు పెట్టుకున్నాను. ఈ రెండే నావి, మిగతావి నావి కావు అనుకున్నాను. అలా అనుకోగానే సగం దడ తగ్గింది. కుట్టుమిషన్‌లో మాత్రం ఎన్ని భాగాలున్నాయి, నేను ముట్టుకునేవి ఎన్ని?

అయినా వేళకు పడేది కాదు. చరణం అయ్యాక నొక్కితే ఆలస్యం, ముందే నొక్కితే జనం తడబడతారు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. పాట అందించేటప్పుడు, చివరి మాట ఇంకా జనం నోట్లో ఉండగానే నువ్వు ఒక ఊపిరి తీస్తావు, నీ భుజం కొంచెం లేస్తుంది. పెళ్ళయ్యేదాకా నీ వెనకే నిలబడ్డాను కదా, నీ వీపు చూస్తూనే పెరిగాను. ఇప్పుడు పాట నడుస్తుంటే మనసులో నిన్ను నిలబెట్టుకుంటాను. నీ భుజం లేవగానే నొక్కుతాను. సరిగ్గా పడుతోంది. ఈస్టర్ రోజు ఒక్క తప్పు రాలేదు. "కెజియమ్మా, ఇగ నువ్వు ఉస్తాద్‌వైనవ్" అన్నారు అయ్య.

అంతా నీ చలవే అక్కా. నీకు రెండు జాకెట్లు కుడదామని ఈసారి కవరులో గుడ్డ ముక్క పెట్టాను, రంగు నచ్చితే చెప్పు.

కెజియా


చిద్రి, బీదర్.
జూన్.

కెజియా,

జవాబు ఆలస్యమైంది. మోకాళ్ళ నొప్పి. నొప్పి మోకాళ్ళకే అని ఇంట్లో చెప్పాను.

పోయిన ఆదివారం ఎజ్రా అయ్య ప్రసంగంలో నీ పేరు తీశారు. "చిట్గుప్పల కెజియమ్మను సూడుండ్రి. వణుక్కుంటనే ప్రార్థన జేసి నేర్సుకున్నది. మనకేం రోగం?" అన్నారు. మా చర్చిలో, నేను పాట అందించే మైకులో, నేను ముందు బల్ల మీద కూర్చుని ఉండగా. నీ చెల్లెలే కదా అని అందరూ నా వైపు తిరిగి నవ్వారు. నేనూ నవ్వాను, దవడలు నొప్పి పుట్టేదాకా. ఇంటికొచ్చాక శాలిని అన్నం వడ్డిస్తూ "చిన్నత్తమ్మ ఎంత హుషారున్నదో" అంది. కూరలో ఉప్పెక్కువైందని విసుక్కున్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దలు ఊరికే అనలేదు.

ఒకటి అడుగుతాను చెప్పు. నా ఊపిరి నీ వేలికి ఎలా వెళ్ళింది? నేనిచ్చానా? నువ్వడిగావా? ఎండలో, జ్వరంలో, కడుపుతో ఉన్నప్పుడు కూడా నిలబడి నేను సంపాదించుకున్నది అది. నువ్వు వెనక నిలబడి పట్టుకుపోయావు. పైగా నీ చలవే అని రాస్తావు, గుడ్డ ముక్క పెడతావు. ఆ రంగు నాకు నప్పదు. తిప్పి పంపుతున్నాను.

ఇక్కడేం జరుగుతోందో విను. తెర వచ్చాక నేను నోరు తెరిచేలోపే జనం చదివేసి పాడేస్తున్నారు. నేను అందించిన చరణం ఎవరికీ అవసరం లేదు. మొన్న ఒక చరణం కావాలనే అందించకుండా ఊరుకున్నాను, ఏమవుతుందో చూద్దామని. పాట ఆగలేదు. నేను లేకపోయినా పాట ఆగలేదు కెజియా. నా వైపు ఒక్క తల తిరగలేదు. బయటికొచ్చాక సిద్ధమ్మ ఒక్కతే నా చెయ్యి పట్టుకుని "గా తెర మీద ఏమున్నదో నాకేమెరుక బిడ్డా, నువ్వు జెప్తెనే నా నోట్లెకొస్తది. ఇయ్యాల నువ్వు జెప్పలె, నేను పాడలె" అంది. ఒక్క సిద్ధమ్మ కోసం మైకు ఎన్నాళ్ళు ఉంచుతారు?

అక్కకు కుళ్ళు అనుకుంటావేమో. అనుకో. ఉన్నదే. అయ్య నోట నీ పేరు విన్నప్పటినుంచీ కడుపులో మంట ఆరడం లేదు. నువ్వు ఎప్పుడూ నా వెనక ఉండేదానివి, అక్కడే ఉంటావనుకున్నాను.

నవంబర్‌లో కోత పండుగ మా చిద్రి చర్చిలోనే. రెండూళ్ళ సంఘాలూ కలుస్తాయి. పాటలు నేనే అందిస్తాను. అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, దాన్ని ఎవరూ మార్చరు.

కరుణమ్మ


చిట్గుప్ప,
సెప్టెంబర్.

అక్కా,

నీ ఉత్తరం మిషన్ సొరుగులో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, ఇన్నాళ్ళూ గడిపాను. ఇక రాయక తప్పదు. కోత పండుగకు తెర నన్నే నడపమన్నారు అయ్య. శాలినికి ఆ వారం ఆఫీసులో ఆడిట్ ఉందట. నేను ఒప్పుకున్నాను. ఇంకెవరో నీ చెవిన వేసేకంటే నేనే చెప్పడం మంచిదని రాస్తున్నాను.

ఇక్కడ నా బతుకు కొంచెం మారింది. ఆ పెట్టె ముట్టుకున్నాక ఫోన్ మీద కూడా భయం పోయింది. కొత్త రకం మెడలు, చేతులు ఫోన్‌లో చూసి కుడుతున్నాను. పక్కింటి రాచమ్మ తన ఫోన్‌లో పింఛను పడ్డ సమాచారం వచ్చిందేమో చూసిపెట్టమని నా దగ్గరికే వస్తోంది. "గీమెకు అన్నీ ఎరుకే" అని వాకిట్లో అందరితో చెబుతోంది. నాకు తెలిసింది గోరంత. కానీ అలా అంటుంటే కాదని ఎందుకనాలి? నన్ను ఆ మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు.

అంతమంది జనంలో మాత్రం ఎప్పుడూ చేయలేదు. తలుచుకుంటే కంచం వదిలి లేచిపోతున్నాను. మా ఆయన ఇప్పుడు నవ్వడం మానేశాడు, రోజూ "తిన్నవా?" అని అడుగుతున్నాడు. నువ్వు మైకు దగ్గర, నేను తెర దగ్గర, ఇద్దరం ఒకే పాటకు పనిచేస్తాం. ఏ పాట ఎత్తుకుంటావో, చరణాలు ఏ వరసలో అందిస్తావో చెబితే అలా సర్దిపెట్టుకుంటాను. అంతకుమించి నిన్నేమీ అడగను.

కుళ్ళు ఉన్నదే అని రాశావు. ఆ ఒక్క మాట నాకు నచ్చింది.

కెజియా


చిద్రి, బీదర్.
అక్టోబర్.

కెజియాకు,

కోత పాట. ఐదు చరణాలు, పుస్తకంలో ఉన్న వరసలోనే. చరణానికొకసారి పల్లవి. అది తప్ప వేరే పాట లేదు.

ఆ రోజు నువ్వు పచ్చ చీర కట్టుకోకు. నేను కట్టుకుంటున్నాను.

కరుణమ్మ


చిట్గుప్ప,
నవంబర్, పండుగ అయిన వారం.

కరుణక్కకు,

దీన్ని మా ఆయన చేతికి ఇవ్వలేదు, టపాలో వేశాను. నీ ముఖం చూడనన్నాడు. ఆయన నాలుగు రోజులకు మరిచిపోతాడు. నేను మరిచిపోను.

వరసగా అన్నావు. మొదటి చరణం అవగానే నాలుగోదానికి దూకావు. నాకు తెలిసిపోయింది. పాటలో ఏదైనా మార్చే ముందు నీ ఎడమ చెయ్యి కొంగు సర్దుకుంటుంది. తెర నీతోపాటే దూకింది, జనానికి ఏమీ తెలియలేదు. అక్కడినుంచి వెనక్కి రెండోదానికి వచ్చావు. గులాబీ గీత నొక్కి నేనూ వచ్చాను. అప్పుడు నువ్వు తల తిప్పి నన్ను చూశావు. మధ్యలో కానుకలుగా వచ్చిన కంది మూటలు, జొన్న కంకులు, గుమ్మడికాయలు, వేలానికి కాళ్ళు కట్టి పడేసిన కోళ్ళు, వాటన్నిటి మీదుగా సూటిగా నన్నే చూశావు. చూసి, వేరే పాటే ఎత్తుకున్నావు.

నా చెయ్యి ఆగిపోయింది. వెతుకులాటలో నాది కాని మీట ఏదో నొక్కాను. పాట పోయి, కొత్త వ్యాన్ పక్కన నిలబడి అయ్య దిగిన ఫొటో తెర నిండా వచ్చింది. రెండూళ్ళ జనం వెనక్కి తిరిగారు. పిల్లలు నవ్వారు. నువ్వు రాసింది నిజమే, ఆ నవ్వు ఇంటిదాకా వస్తుంది.

అప్పుడు నువ్వు తెర లేకుండానే చరణం అందించావు. మొదట సిద్ధమ్మ అందుకుంది, తర్వాత అందరూ. పైకప్పు లేచిపోయేలా పాడారు. ఆ పచ్చ చీరలో నువ్వెంత బాగున్నావో చెప్పలేను. ఆ నిమిషంలో నువ్వంటే నాకు అసహ్యం వేసింది.

ఇప్పుడు నా సంగతి విను. ఫిబ్రవరిలో ఒప్పుకోమంటావా వద్దంటావా అని నిన్ను అడిగేటప్పటికే నాకు అంతా తెలుసు. జనవరిలో అయ్య ఆ పెట్టె ముందు నీకే ఇచ్చారు. శాలిని అప్పుడే నాకు ఫోన్‌లో చెప్పింది. నువ్వు పాట అందిస్తూనే మీట మీద వేలు పెట్టావట. నోరు పాడితే నీ చెయ్యి ఊరుకోదు, తాళం వేస్తుంది. దెబ్బదెబ్బకూ తెర ముందుకు పరుగెత్తి, మొదటి చరణం పూర్తికాకముందే పాటలన్నీ దాటిపోయి ఆఖరి ఆశీర్వాదం వచ్చిందట. పిల్లలు నవ్వితే వెళ్ళి చర్చి వెనక బోరింగు దగ్గర కూర్చున్నావట. నన్నెవరూ అడగలేదు అని నువ్వు రాస్తే చదివి ఊరుకున్నాను.

శాలిని బాధపడుతూ చెప్పింది. నేను అయ్యో అన్నాను. ఫోన్ పెట్టేశాక సంతోషం వేసింది అక్కా. ఆ సాయంత్రం బ్లౌజు కుడుతూ పాట పాడుకున్నాను. 'నువ్వేనా?' అని నేనడిగింది ఊరికే కాదు. పుట్టినప్పటినుంచీ నీ గొంతు, నీ మైకు, నీ పేరు. నీ చర్చిలో ఇప్పటికీ నన్ను కరుణమ్మ చెల్లె అంటారు, నా పేరు సగం మందికి తెలియదు. నీకు రానిది ఒక్కటి, ఒకే ఒక్కటి నాకు రావాలని ఆ పెట్టె ముందు కూర్చున్నాను. మొదటి ఆదివారం ఏడ్చినదాన్ని మళ్ళీ ఎందుకు వెళ్ళానో చెబుతానన్నాను కదా, అందుకే వెళ్ళాను. నా వణుకు ప్రార్థనతో పోయిందని అయ్య అన్నారు. ప్రార్థన చేయలేదని చెప్పను. కానీ వేలిని కదిలించింది కుళ్ళే.

నాకంటూ దొరికింది అదొక్కటి. అది కూడా నువ్వు ఉంచలేదు. సుద్ద గీతలు కూడా తుడవకుండా ల్యాప్‌టాప్ అయ్యకు ఇచ్చేశాను. ఇక ముట్టుకోనని చెప్పేశాను. నువ్వు గెలిచావు.

కెజియా


చిద్రి, బీదర్.
డిసెంబర్ మొదటి వారం.

నా చెల్లెలు కెజియాకు,

నీ ఉత్తరం చదివి మొదట మండిపడ్డాను. శాలినితో పోట్లాడదామని వంటింటిదాకా వెళ్ళి, దాని తప్పేముందని వెనక్కి వచ్చాను. మళ్ళీ చదివితే నవ్వొచ్చింది. ఇన్నేళ్ళు నీ కళ్ళు నా వీపు మీద ఉంటే అది ప్రేమ అనుకుని మురిసిపోయాను. మనిద్దరిలో ఈ రోగం నాకొక్కదానికే ఉందని సిగ్గుపడేదాన్ని కూడా.

కోత పాటను ఎందుకు అలా తిప్పానో నీకు తెలుసు, నాకు తెలుసు. గెలిచావు అన్నావు కదా, ఆ గెలుపు ఎలా ఉందో విను. పిల్లలు నవ్వినప్పుడు నీ ముఖం చూశాను. జనవరిలో బోరింగు దగ్గర కూర్చున్నప్పుడు నా ముఖం అలాగే ఉండి ఉంటుంది. తర్వాతి చరణం నీ పరువు కోసం అందించానో, నా గొప్ప కోసం అందించానో ఇప్పటికీ నాకు తేలలేదు. జనం మెచ్చుకున్నారు. ఇంటికొచ్చి పడుకుంటే ఒక్క మెచ్చుకోలూ గుర్తు రాలేదు.

నువ్వు ఇక ముట్టుకోనన్నావని అయ్య చెప్పారు. అది వినగానే నాకు హాయిగా ఉండాలి. లేదు. మరి నేను దేనికి కుళ్ళుకోవాలి?

మొన్న అయ్యనడిగి చర్చి తాళంచెవి తీసుకుని, లోపల గడియ పెట్టుకుని, అయ్య అక్కడ ఉంచి వెళ్ళిన ఆ పెట్టె ముందు కూర్చున్నాను. నర్సుగా ఊరందరికీ సూదులు పొడిచిన చెయ్యి ఇది, కెజియా. ఒక మీట మీద ఆనించలేక ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను. నేను పెట్టెకు భయపడలేదు, నవ్వుకు భయపడ్డాను. నవ్వేవాళ్ళు ఎవరూ లేరని తెలిసి కూడా రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాను. నీ గీతలు అలాగే ఉన్నాయి. కోపంతో తుడిచేద్దామనుకున్నాను. తుడిస్తే ఏది నొక్కాలో నాకు తెలియదు, అందుకని ఉంచాను.

పాడుతూ నొక్కితే వేలు తాళం వేస్తోంది, తెర పరుగెడుతోంది. తాళాన్ని పాదానికి మార్చి చూశాను. పాదంతోపాటు వేలూ ఆడింది. ఇంటికొచ్చి శాలినిని అడిగాను. కోడలిని అడగడానికి నాకెంత కష్టమైందో నీకు చెప్పక్కర్లేదు. "అత్తమ్మా, నువ్వు పాడకుంట నొక్కి సూడు జర" అంది. అంతే మాట. చర్చిలో నోరు మూసుకుని కూర్చోవడం నేను పుట్టాక నేర్చుకోలేదు. మళ్ళీ వెళ్ళి, పెదవులు బిగబట్టుకుని, పాటను మనసులోనే నడిపించాను. నా గొంతు వినబడితే తాళం వచ్చేస్తోంది. అందుకని నీ గొంతు పెట్టుకున్నాను. హుల్సూర్‌లో నా వీపు వెనకనుంచి వచ్చిన ఆ సన్న గొంతు. అది ఊపిరి తీసుకునే చోట నొక్కాను. పాట చివరిదాకా సరిగ్గా పడింది. ఖాళీ చర్చిలో కూర్చుని ఏడ్చాను. ఆ గొంతు నాదానికంటే బాగుందని నాకు అప్పుడే తెలుసు, ఇప్పుడు రాస్తున్నాను.

రోజూ వెళుతున్నాను. తప్పులు వస్తూనే ఉన్నాయి. నిన్న అయ్య వ్యాన్ ఫొటో నాకూ వచ్చింది. పెట్టె మాత్రం పాడవలేదు, నేనూ చావలేదు.

అయ్యతో మాట్లాడాను. క్రిస్మస్ ముందటి ఆదివారం మా చర్చిలో తెర నేను నడుపుతాను. "నువ్వా, కరుణమ్మా?" అని రెండుసార్లు అడిగారు. "మరి మైకు కాడ ఎవలుంటరు? సిద్ధమ్మలాంటోళ్ళకు పాటెవలు అందిస్తరు?" అన్నారు. "నా చెల్లె కెజియా ఉన్నది" అన్నాను. అయ్య కాగితం తీసి నీ పేరు రాసుకున్నారు. నువ్వు గొంతెత్తగా నేను తప్ప ఎవరూ వినలేదు కదా, ఏమంటారు.

నువ్వు రానంటావు. ఫిబ్రవరిలో వద్దన్న నోటితోనే ఇప్పుడు రమ్మంటున్నాను, నీకు నమ్మకం కలగకపోతే తప్పు నీది కాదు. ఆ తర్వాతి ఆదివారంనుంచి మీ ఊళ్ళో నీ పెట్టె నీదే, అది కూడా అయ్యతో చెప్పాను. కానీ ఈ ఒక్కసారి ముందు నిలబడు. మైకు నీ ఎత్తుకు దించిపెట్టిస్తాను. నచ్చిన రంగు చీర కట్టుకో. చరణాలు నీ ఇష్టం వచ్చిన వరసలో పాడు, నేను పట్టుకోలేకపోతే ఆ నవ్వు నాది.

దాక్కోవడానికి ఈసారి నీ ముందు నా వీపు ఉండదు. నేను వెనక ఉంటాను, నోరు మూసుకుని, నీ భుజం ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ. నిన్ను చూసి మనసారా మురిసిపోతానని మాత్రం అనుకోకు. ఓర్వలేక చస్తాను, కళ్ళలో నిప్పులు పోసుకునే కూర్చుంటాను. వేలిని కదిలించింది కుళ్ళే అని రాశావు. గొంతుకు నా కుళ్ళు తోడిస్తాను, తీసుకో. నా చూపు వీపుకు తగులుతూనే ఉంటుంది. వెనక్కి తిరగకు, పాడు.

నీ అక్క
కరుణమ్మ